అంబుజమ్మ తెల్ల క్రీము

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు వెనక సందులో శంకరనారాయణ కిరాణా అంగడి ఉంది. ఆ అంగడిలో ఏ డబ్బానూ అడుగు కనబడేదాకా ఖాళీ చేయరు. కందిపప్పు కానీ, రాగులు కానీ, బెల్లం కానీ, ఇంకా నాలుగు గుప్పిళ్లు ఉండగానే కొత్త సరుకు తెచ్చి పాతదాని మీద పోస్తారు. అడుగు బయటపడితే లక్ష్మి గడప దాటిపోతుందని ఆ ఇంటి నమ్మకం.

ముళబాగిలు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అంబుజమ్మకు ఈ సంగతి తెలియదు. పుట్టింటివాళ్లది బట్టల అంగడి. ఒక శుక్రవారం ఆమె కందిపప్పు డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, చింతపండుతో తోమి, పెరట్లో ఎండకు బోర్లించింది. అత్త చిక్కమ్మ వచ్చి చూసింది. కొన్నాళ్లకే కోలారు బంగారు గనిలో మనుషులను తగ్గిస్తారన్న మాట పుట్టింది. అంగడికి వచ్చే జనమంతా గని జనమే. ఆ తర్వాత గనిలోకి దిగే ఒక్కొక్క షాఫ్టూ నిలిచిపోతూ వచ్చి, 2001లో గని మొత్తానికే మూతపడింది. చిక్కమ్మ చనిపోయేదాకా ఈ రెండింటినీ కలిపే చెప్పేది.

"మా కోడలు డబ్బా కడిగింది, కంపెనీ తలుపు మూసుకునింది" అని వచ్చినవాళ్ల ముందు నవ్వుతూ అనేది. వచ్చినవాళ్లూ నవ్వేవాళ్లు. అంబుజమ్మ లోపలికి పోయి కాఫీ పెట్టేది. ఆ తర్వాత ఆమె తన చేతులతో ఏ డబ్బా అడుగూ చూడలేదు.

గని పోయాక పేటలో మగవాళ్లు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరికి పనులకు పోవడం మొదలుపెట్టారు. సరుకులు అక్కడి నుంచే తెచ్చుకునేవాళ్లు. ఆమె భర్త శంకరనారాయణ గద్దె మీద కూర్చొని పేపరు మొత్తం చదివినా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అప్పుడు అంబుజమ్మ తేనెమైనం, కొబ్బరినూనె కరిగించి కాళ్ల పగుళ్లకు మందు చేయడం మొదలుపెట్టింది. మొదట ఇంటికి, తర్వాత సందులోవాళ్లకు, తర్వాత అమ్మకానికి. పసుపుగా, గట్టిగా ఉండేది. ఎన్నాళ్లు పెట్టినా చెడేది కాదు.

కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీలు వచ్చాక కొనేవాళ్లు మారారు. కంపెనీ బస్సుల్లో షిఫ్టులకు పోయే ఆడపిల్లలు అంగడి ముందు ఆగేవాళ్లు. చేతితొడుగుల్లో నాని నాని వాళ్ల వేళ్లు పొరలు లేచిపోయి ఉండేవి. పసుపు మందు జిడ్డుగా ఉందని, యూనిఫారానికి అంటుకుంటోందని అన్నారు. తెల్లగా, పూసుకుంటే చర్మంలోకి ఇంకిపోయేది కావాలన్నారు.

అంబుజమ్మ కోలారుకు పోయి క్రీములు చేయడంలో ఆడవాళ్లకు ఇచ్చే శిక్షణలో చేరింది. నేర్పింది విశాలమ్మ అనే ఆమె. నూనెలో నీళ్లు కలిసేట్టు గిలకొట్టడం, అది విరిగిపోకుండా మైనం వేయడం ఒక్క పూటలో వచ్చేసింది. ఇంటికి వచ్చి చేసిన మొదటి తడవ క్రీము వెన్నలా వచ్చింది. వారం తిరిగేసరికి దాని మీద నల్లటి చుక్కలు లేచాయి.

"నీళ్లు లేనంతవరకు ఏదీ పుట్టదు అంబుజమ్మా. నీళ్లు పోసినామంటే అది కంటికి కనబడని పురుగుకు ఇల్లు. ఊరగాయకు ఉప్పు ఎట్లో దీనికి ప్రిజర్వేటివ్ అట్ల" అని విశాలమ్మ ఒక చిన్న సీసా ఇచ్చింది. ఎంత క్రీముకు ఎంత వేయాలో, వేడి ఎంత తగ్గాక వేయాలో చెప్పింది. ఎక్కువైతే చర్మం మండుతుంది, తక్కువైతే పని చేయదు.

అంబుజమ్మ దాన్ని నిలవ మందు అనేది. దాని తూకానికి నగల అంగడిలో వాడే చిన్న త్రాసు సంపాదించింది. తల గుడ్డతో కట్టుకునేది. ట్యాంకరు నీళ్లను మరగకాచి చల్లార్చేది. పని మధ్యలో ఎవరైనా పిలిస్తే పలికేది కాదు.

"ఆంటీ, దీంట్లో కెమికల్ లేదు గదా?" అని ఫ్యాక్టరీ పిల్లలు అడిగేవాళ్లు.

"ఎందుకు లేదు? ఉండాది. అది లేకుంటే నువ్వు పూసుకునేది క్రీము కాదు, బూజు" అనేది. కెమికల్ లేదని రాసి పెడితే ఇంకా ఎక్కువ అమ్ముడుపోతుందని భర్త చెప్పినా వినలేదు.

తయారైన క్రీమును మూత ఉన్న ఒక స్టీలు డ్రమ్ములో పోసి, అందులోంచి గరిటెతో చిన్న డబ్బాలకు నింపి సీలు వేసేది. డ్రమ్ములో జానెడు మిగలగానే కొత్తది కాచి ఆ పాతదాని మీదే పోసేది. అంగడిలో పప్పుకు ఎట్లాగో దీనికీ అట్లాగే. అట్లా పోయడం గురించి ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. శిక్షణలో అందరూ ఒక గిన్నెలో చేసి, దాన్నే ఖాళీ చేసి, కడిగి పోయేవాళ్లు కాబట్టి విశాలమ్మకూ ఆ మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

సొన్నమ్మ బేతమంగళం దారిలోని పల్లె నుంచి అంబుజమ్మ ఇంటికి పాలు తెచ్చేది. ఆమెకున్నవి రెండు సీమావులు, జెర్సీ జాతివి. భర్త ఆవులప్ప పోయాక ఆ ఆవులతోనే కొడుకును చదివించి, పెళ్లి చేసింది. పొద్దున డెయిరీకి పోయగా మిగిలిన పాలు క్యానులో పోసుకొని బస్సెక్కి పేటలో వాడుక ఇళ్లకు పోసేది. అంబుజమ్మ ఇల్లు ఆఖరిది. అక్కడ వెనక గడప మీద కూర్చొని కాఫీ తాగి పోయేది.

ఆమెకు షుగరు ఉంది. చెప్పులు వేసుకునేది బస్సుకే. కొట్టంలో ఎప్పుడూ వట్టికాళ్లే. మడమల్లో చిటికెన వేలు దూరేంత పగుళ్లు.

"చూడమ్మా, దీంట్లో శనక్కాయలు విత్తొచ్చు" అని మడమ తిప్పి చూపించేది.

"విత్తు. పంటలో సగం నాకియ్యి" అని అంబుజమ్మ ఒక క్రీము డబ్బా ఆమె ఒళ్లో పడేసేది.

"సెంటు వాసన వస్తాది. మా ఎర్రావు ఎవురో దొరసాని వచ్చిందనుకోని తన్నుతాది."

"తన్నితే తన్నించుకో. ఒక దినమన్నా దొరసానిగా ఉండు."

క్రీము పని చేసింది. పగుళ్లు పూడాయి. సొన్నమ్మ పల్లెలో కనబడిన ప్రతి ఆడమనిషికీ తన మడమలు చూపించి, అంబుజమ్మ పేరు చెప్పింది.

ఆ తర్వాతి ఏడాది వానలకు కుడి మడమలో ఒక పగులు మళ్లీ తెరుచుకుంది. అది పూడలేదు. ఒక రోజు సొన్నమ్మ కాఫీ ముట్టకుండా కాలు పైకెత్తి చూపించింది.

"నీరు కారతా ఉండాది. పచ్చగా. పడుకున్న గుడ్డకంతా అంటుకుంటాది. నొప్పి మాత్రం లేదు. ఆస్పత్రికి పోదునా?"

అంబుజమ్మ వంగి చూసింది. ఏదో మగ్గిన పండు వాసన వచ్చింది.

"క్రీము పూస్తా ఉండావా?"

"రెండు పూట్లా పూస్తాను."

"ఇంకా దట్టంగా పూయి. ఆస్పత్రిలో మాత్రం ఏం చేస్తారు? దీంట్లో నిలవ మందు ఉండాది సొన్నమ్మా. ఏడాది పెట్టినా డబ్బాలో పురుగు పుట్టనీదు. పుండులో పుట్టనిస్తాదా?"

అమ్ముకోవడానికి చెప్పిన మాట కాదు అది. సొన్నమ్మ దగ్గర ఆమె క్రీముకు ఎప్పుడూ డబ్బు తీసుకోలేదు. డబ్బాలో పురుగును చంపేది కాలి మీదా చంపుతుందని నిజంగానే నమ్మింది. ఆ మందు పని డబ్బా వరకేనని, పుండు మీద అది దేనికీ చాలదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. లోపలికి పోయి పెద్ద డబ్బా నిండా క్రీము తెచ్చి, దూది కూడా ఇచ్చింది.

సొన్నమ్మ ఆస్పత్రికి పోలేదు. మళ్లీ కనబడినప్పుడు కుంటుతూ ఉంది.

"రాత్రంతా చలి జ్వరం. మా వాడు పోదాం రా అంటాండాడు."

"వాడికేం తెలుసు? మందుకు ఒక వారమన్నా టైమియ్యి. దినాం ఒకటి మారిస్తే ఏదీ పట్టదు."

"నువ్వు చెప్తే సరే" అని సొన్నమ్మ గోడ పట్టుకొని లేచి, క్యాను తీసుకొని పోయింది.

ఆ తర్వాత ఆమె రావడం ఆగిపోయింది.

కొడుకు శ్రీనివాసప్ప వచ్చాడు. నరసాపురం బండ్ల ఫ్యాక్టరీలో పని అతనికి. షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, యూనిఫారంలోనే ఉన్నాడు.

"అమ్మను కోలారు ఆస్పత్రిలో చేర్చినాము. పుండు ఎముకకు దిగిందంట. కాలు నిలుస్తాదో లేదో ఇప్పుడే చెప్పలేమంటాండారు. ఏం పూసినారని అడిగినారు. సీలు తియ్యని డబ్బా ఒకటియ్యమ్మా, పరీక్ష చెయ్యల్లంట."

అంబుజమ్మ అలమారలోంచి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

"తీస్కపో. నా దాంట్లో ఏమీ ఉండదు. మీ అమ్మ పేడ చేతుల్తోనే డబ్బాలో వేళ్లు పెట్టింటాది. అది చెప్పు డాక్టరుకు."

"చెప్తాలే" అన్నాడు. "కాలు పోతే ఆవుల కింద ఎట్ల కూర్చుంటాదో అది కూడా అడుగుతాను."

రెండోసారి వచ్చినప్పుడు అంగడి మెట్లెక్కలేదు. సందులో నిలబడే మాట్లాడాడు.

"అమ్మ పుండులో ఏ పురుగుండాదో, ఆమె వాడిన డబ్బాలోనూ అదే. సీలు తియ్యని డబ్బాలోనూ అదే. మా అమ్మ వేళ్లు సీలు లోపలికి ఎట్ల పోయినాయో చెప్పమ్మా."

అంబుజమ్మ అలమారలోని డబ్బాల వైపు తిరిగి చూసింది.

"మెల్లిగా అప్పా, జనం ఉండారు" అన్నాడు శంకరనారాయణ గద్దె మీద నుంచి.

"ఉండనీ. వాళ్లూ పూసుకునేవాళ్లే గదా. విననీ."

ఆమె విశాలమ్మకు ఫోను చేసింది. మందు సీసా నకిలీదేమో, త్రాసు తప్పేమో చూడమంది. విశాలమ్మ మరుసటి రోజే బస్సు దిగి వచ్చింది. సీసా చూసింది. త్రాసును చూసింది. అంబుజమ్మను ఒక తడవ చేసి చూపించమని, ఒక పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. నీళ్లు మరిగాయి. మైనం కరిగింది. అంబుజమ్మ వేడి చూసుకొని మందు తూచి వేసింది. ఎక్కడా తప్పు లేదు. చల్లారిన క్రీమును ఎత్తి డ్రమ్ములో పోయబోయింది.

"ఆగండి. దాంట్లో ఏముండాది?"

"క్రీమే. పోయిన తడవది."

"మిగిలిందా?"

"మిగల్చల్ల గదా మేడమ్. అడుగు ఖాళీ చేస్తామా?"

విశాలమ్మ లేచి వచ్చి డ్రమ్ములోకి వంగి చూసింది. అంచుల వెంట లేత పసుపు చార కట్టి ఉంది. మూత లోపల చెమట పట్టినట్టు నీటి బొట్లు.

"ఈ డ్రమ్ము ఎప్పుడు కడిగినారు?"

"పైన తుడుస్తాను. ప్రతి దినం."

"లోపల?"

అంబుజమ్మ చేతిలోని క్రీము గిన్నెను కింద పెట్టింది. విశాలమ్మ తిరిగి స్టూలు మీద కూర్చుంది. తర్వాత మెల్లగా, తరగతిలో చెప్పినట్టే చెప్పింది.

"దినాం మూత తీస్తారు, గరిటె పెడతారు. ఏదో ఒకటి లోపలికి పోతాది. పోయినా మందు చంపుతాది. కానీ ఈ అంచుల్లో, ఈ నీటి బొట్లలో మందు పలచనైపోతాది. అక్కడ చావనివి కొన్ని మిగిలినాయి. వాటి మీద మీరు కొత్తది పోసినారు. మళ్లీ చావనివి మిగిలినాయి. మళ్లీ పోసినారు. ఇన్నేండ్లలో ఆ మందుకు చావని జాతి ఒకటి ఈ డ్రమ్ములో తయారైంది. ఇప్పుడు ఎంత తూచి వేసినా దానికి లెక్కలేదు."

"నేను చూసి చూసి వేసినాను మేడమ్."

"అది నేనూ చూసినాను."

"అయితే సొన్నమ్మ కాలికి..."

"మంచి చర్మమైతే ఏమీ కాదు, మహా అంటే దురద. షుగరు మనిషి, తెరుచుకున్న పుండు, దాని మీద రెండు పూట్లా." విశాలమ్మ అక్కడికి ఆపేసింది. "అమ్మినవన్నీ వెనక్కి తెప్పించండి. ఈ పొద్దే."

ఆ సాయంత్రం అంబుజమ్మ కంపెనీ బస్సు ఆగే చోట నిలబడింది. దిగిన పిల్లలను డబ్బాలు తిరిగి ఇచ్చేయమని అడిగింది. కొందరు ఇచ్చారు. ఒకమ్మాయి వేళ్ల సందుల్లో ఎర్రగా లేచిన పొక్కులు చూపించి, సబ్బు వల్ల అనుకున్నానంది. ఇంకొకమ్మాయి సంచి ఛాతీకి హత్తుకొని వెనక్కి జరిగింది.

"మాకేం కాలేదు ఆంటీ. ఇది బాగుండాది. ఊరికి రెండు తీస్కపోవల్ల, ఇంకొకటి ఇయ్యండి" అంది.

"విషం అమ్మా అది."

"జోకు చేస్తారు ఆంటీ మీరు" అని నవ్వుతూ స్నేహితురాలితో కలిసి పోయింది.

ఇంటికి వచ్చేసరికి శంకరనారాయణ అంగడి సగం తలుపు వేసి కూర్చున్నాడు.

"రేపు కోలారు పోతాను. డాక్టరుకు, సొన్నమ్మకు డ్రమ్ము సంగతి చెప్పల్ల" అంది.

"సొన్నమ్మకెందుకు? షుగరుకు ఎంతమందికి కాళ్లు పోలేదు? ఆ పుండు మొదట పేడతో లేచిందో, ఆవు గిట్ట తగిలి లేచిందో ఎవురికి తెలుసు? నువ్వు పోయి నెత్తికెత్తుకోవద్దు."

"డ్రమ్ము మాట ఒక్కటే అయితే మీరు చెప్పింది వినేదాన్నే. ఆస్పత్రికి పోవద్దని చెప్పింది నేను" అంది అంబుజమ్మ.

మరుసటి రోజు ఆమె కోలారు చేరేసరికి ఆపరేషను అయిపోయింది. వార్డు బయట డాక్టరు ఆమె మాటలు నిలబడే విన్నాడు. ఆ పురుగుకు మామూలు మందులు ఏవీ పట్టలేదని, వేరే మందు తెప్పించి మొదలుపెట్టేలోపే మడమ ఎముక కరిగిపోయిందని చెప్పాడు.

"ఇంకొంచెం ముందు వచ్చింటే?" అని అడిగింది.

"నీరు కారడం మొదలైనప్పుడే వచ్చింటే మడమలో చెడినంత కోసేసి కాలు నిలిపేవాళ్లం" అని అతను ఇంకో మంచం దగ్గరికి పోయాడు.

సొన్నమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. కుడి మోకాలి కింద నుంచి దుప్పటి చదునుగా పడి ఉంది. కోడలు గంగమ్మ కాళ్ల వైపు నేల మీద కూర్చొని ఉంది. అంబుజమ్మ స్టూలు లాక్కొని మంచానికి దగ్గరగా కూర్చుంది. డ్రమ్ము సంగతి చెప్పింది. పసుపు చార సంగతి చెప్పింది. విశాలమ్మ చెప్పింది చెప్పినట్టే, ఏదీ తగ్గించకుండా, పెంచకుండా చెప్పింది. గంగమ్మ తల ఎత్తలేదు.

సొన్నమ్మ అంతా విన్నది.

"ఆవులను మా పల్లె ఓబలప్పకు అమ్మేసినాడు మా వాడు. తోలుకొని పోయినాడంట" అంది.

"విన్నాను."

"నేను నిన్ను అడిగితిని గదమ్మా, ఆస్పత్రికి పోదునా అని."

"అడిగినావు."

"డ్రమ్ము సంగతి నీకు తెలీదు. సరే. నాకూ తెలీదు. పుండు సంగతి కూడా నీకు తెలీదు గదా. తెలీనప్పుడు పో అనింటే ఏం పోయేది నీకు?"

అంబుజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా వాడు పోదామనె. ఇంట్లో అందరూ పోదామనిరి. అంబుజమ్మ వారం చూడమనింది, ఆమెకు తెలుసు అని నేనే వాళ్ల నోరు మూయించితిని." సొన్నమ్మ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "గంగమ్మా, ఆ నీళ్లియ్యి."

గంగమ్మ లేచి నీళ్లు తాగించింది. మూతి తుడిచింది.

"రేపు వస్తాను సొన్నమ్మా. రాగి జావ చేసి తెస్తాను."

"వద్దు."

"కోపమా?"

"కోపం కాదమ్మా. నువ్వొచ్చి ఇట్ల కూర్చుంటే నిన్ను నేను ఓదార్చల్ల. పోనీలే, విధి, అట్ల ఏదో ఒకటి చెప్పల్ల. నాకు అంత శక్తి లేదు ఇప్పుడు. ఇంగ రావద్దు."

అంబుజమ్మ ఇంకా కాసేపు కూర్చుంది. సొన్నమ్మ కళ్లు మూసుకుంది. ఆమె నిద్రపోలేదని కనురెప్పలు చెబుతూనే ఉన్నాయి. పక్క మంచం ముసలామె ఎవరినైనా నర్సును పిలవమని అడుగుతోంది. అంబుజమ్మ లేచి, పిలవడానికి బయటికి వెళ్లింది. నర్సుకు చెప్పి తిరిగి తలుపు దాకా వచ్చి అక్కడే ఆగింది. గంగమ్మ ఆ స్టూలును మంచానికి దూరంగా, గోడ పక్కకు జరిపేసి, దాని మీద మందుల సంచి పెట్టింది.